డిసెంబర్ చలిలో అమ్మానాన్నలతో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్: ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఎండలు తగ్గి ఆగస్టు దాటిందంటే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది: "డిసెంబర్‌లో అమ్మని యూరప్ తీసుకెళ్దామనుకుంటున్నాం, చలికి ఆగగలదా?" ఆగగలదు. చలికి బట్టలున్నాయి, గదుల్లో హీటర్లున్నాయి. ఎక్కువమంది బోల్తా కొట్టేది వేరే చోట. ముప్పై ఏళ్లవాళ్లు తమ కోసం వేసుకున్న ప్లాన్‌లోకే అరవై ఎనిమిదేళ్ల మనిషిని కూడా ఎక్కించేస్తారు. రోజుకి ఐదు చోట్లు, రెండు రోజులకో ఊరు. మూడో రోజుకి అమ్మ మోకాళ్లు పట్టేస్తాయి, ఆవిడ నోరు విప్పి చెప్పదు, నాలుగో రోజు దుప్పటి కప్పుకుని "నాకేం ఫర్వాలేదు, మీరు చూసి రండి" అంటుంది.

అందుకే కింద రాసిందంతా పెద్దవాళ్ల నడకని బట్టి వేసుకునే ప్లాన్. ఉదాహరణకి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తీసుకున్నాను. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి, మూడింట్లోనూ ట్రామ్‌లు ఊరంతా తిరుగుతాయి, క్రిస్మస్ మార్కెట్లకి మూడూ పేరున్నవే. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లకి కూడా చాలావరకు ఇదే పనికొస్తుంది.

కావలసినవి

- పాస్‌పోర్ట్: గత 10 ఏళ్లలో ఇచ్చినది అయి ఉండాలి, అక్కణ్నుంచి తిరిగి బయల్దేరే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి
- షెంగెన్ వీసా (చెక్, ఆస్ట్రియా, హంగరీ మూడింటికీ చెల్లే ఒకే వీసా), కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్
- థర్మల్స్ రెండు జతలు, ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, గాలీ వానా ఆగే జాకెట్ (నడుము దగ్గర ఆగిపోయేది వద్దు, తొడల దాకా రావాలి), ఉన్ని సాక్సులు, చెవులు మూసే టోపీ, మఫ్లర్, గ్లవ్స్
- అడుగున పట్టు ఉన్న వాటర్‌ప్రూఫ్ బూట్లు
- మందులు, వాటి ప్రిస్క్రిప్షన్
- అర లీటర్ ఫ్లాస్క్, యూనివర్సల్ అడాప్టర్, వాసెలిన్, ఒక ప్లాస్టిక్ మగ్గు (ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, అక్కడి బాత్‌రూముల్లో హెల్త్ ఫాసెట్ దాదాపు ఉండదు)

1. తేదీలు ఖాయం చేయండి

డిసెంబర్ మొదటి రెండు వారాలు మంచివి. మార్కెట్లు అప్పటికే తెరిచి ఉంటాయి, క్రిస్మస్ వారం రద్దీ ఇంకా మొదలవదు. వియన్నా సిటీ హాల్ ముందు పెద్ద మార్కెట్ నవంబర్ మధ్యలో మొదలై డిసెంబర్ 26తో అయిపోతుంది. ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లోది జనవరి 6 దాకా నడుస్తుంది.

సెలవులు క్రిస్మస్‌కే దొరికాయంటే ఒక జాగ్రత్త. 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా చాలా షాపులు మూతపడతాయి. బుడాపెస్ట్‌లో 24 సాయంత్రం నుంచి బస్సులు, ట్రామ్‌లు కూడా బాగా తగ్గిపోతాయి. ఆ మూడు రోజులూ వియన్నాలో ఉండేలా చూసుకోండి, అక్కడ ట్రామ్‌లు, మెట్రో నడుస్తాయి. పాలు, బ్రెడ్, పండ్లు 23నే కొని పెట్టుకోండి. ఆస్ట్రియాలో మామూలు ఆదివారాలు కూడా షాపులు ఉండవు, అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లే దిక్కు.

2. వీసా, ఇన్సూరెన్స్

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా అప్లై చేయొచ్చని రూలు. ఆ 15 రోజుల్ని నమ్ముకోకండి. డిసెంబర్‌కి వెళ్లాలంటే సెప్టెంబర్‌లోనే అపాయింట్‌మెంట్ పట్టండి. ఫీజు పిల్లలు కాని వాళ్లందరికీ 90 యూరోలు, దానిపైన అప్లికేషన్ తీసుకునే వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. వియన్నాకి ఒక రాత్రి ఎక్కువ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లతోనే. అమ్మ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెన్షన్ పుస్తకంలో అత్తింటిది, బ్యాంకులో ఉత్త ఇనీషియల్. వీటిని ముందే ఒక చోట పరిచి చూసుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఖర్చు మీరు పెట్టుకుంటుంటే స్పాన్సర్ లెటర్, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీరు ఆవిడ బిడ్డేనని చూపించే కాగితం (మీ పాస్‌పోర్ట్‌లో తల్లి పేరు ఉంటే అదీ జతచేయండి) పెట్టండి. అమ్మానాన్నలకి పెన్షన్, ఇల్లు, పొలం ఉంటే ఆ కాగితాలు కూడా పెట్టండి, తిరిగొస్తారని నమ్మకం కలిగించేవి అవే.

పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మెషిన్ మీద పడవు. వేలిముద్రలు ఇవ్వడానికి వారం ముందు నుంచీ రాత్రిళ్లు చేతులకి క్రీమ్ రాయించండి, ఆ రోజు మాత్రం చేతులు శుభ్రంగా తుడుచుకుని వెళ్లమనండి. 2025 అక్టోబర్‌లో మొదలైన కొత్త పద్ధతి వల్ల షెంగెన్ సరిహద్దులో దిగగానే ఫొటో తీసి, వేలిముద్రలు సరిచూస్తారు, కాబట్టి కనెక్టింగ్ రైలుకో విమానానికో బాగా టైమ్ ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర తప్పు చేయకండి. వీసా కోసం 30,000 యూరోల పాలసీ చవగ్గా దొరుకుతుంది, వీసా వస్తుంది కూడా. కానీ ఫారంలో బీపీ, షుగర్, స్టెంట్ సంగతి దాచిపెడితే అక్కడ ఆస్పత్రిలో చేరినప్పుడు క్లెయిమ్ కొట్టేస్తారు. ప్రీమియం పెరుగుతుందని ఏజెంట్ "అవన్నీ రాయొద్దు సార్" అంటే ఆ ఏజెంట్‌నే మార్చండి. ఉన్న జబ్బులకి ఎంతవరకు కవర్ ఉందో పాలసీలో వెతికి చదవండి.

3. డాక్టర్ దగ్గరికి

బయల్దేరడానికి నెల ముందు వెళ్లండి. చలికి బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకి చల్లగాలి తగిలితే పట్టేస్తుంది. డాక్టర్‌ని అడగాల్సినవి ఇవి: చలిలో నడవొచ్చా, అంతసేపు విమానంలో కూర్చోవడానికి కాళ్లకి బిగుతు సాక్సులు కావాలా, ఫ్లూ టీకా వేయించాలా (కనీసం రెండు వారాల ముందు), టాబ్లెట్ల వేళలు ఎలా మార్చాలి. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. ఉదయం ఎనిమిదింటి మాత్ర అక్కడ తెల్లవారుజామున మూడున్నరకి పడుతుంది. ఒక్కసారిగా మార్చాలా, మెల్లగా జరపాలా అనేది మీరు తేల్చకండి.

మందులన్నీ హ్యాండ్ బ్యాగేజీలోనే పెట్టండి. ఇన్సులిన్‌ని చెక్-ఇన్ బ్యాగులో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టింది కరిగాక కూడా పనికిరాదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇన్సులిన్ పెన్ జాకెట్ బయటి జేబులో వద్దు, లోపలి జేబులో ఉంచండి. షుగర్ చూసే మీటర్ కూడా చలికి ఎర్రర్ చూపిస్తుంది, లోపలికొచ్చి మీటరూ చేతులూ వెచ్చబడ్డాక చూడండి. ప్రిస్క్రిప్షన్‌లో మందు అసలు పేరు ఉండాలి, మన బ్రాండ్ పేరు అక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు. నిద్రమాత్రల్లాంటివి ఉంటే డాక్టర్ లెటర్ తప్పనిసరి.

4. బట్టలు, బూట్లు

పగలు సున్నాకి కొంచెం పైన, రాత్రి సున్నాకి కింద, అంతే అనుకోండి. మందపాటి స్వెట్టర్లు మూడు తొడగడం కంటే ఒంటికి అంటిపెట్టుకునే థర్మల్, దానిపైన ఫ్లీస్, దానిపైన గాలి ఆపే జాకెట్ మేలు. చలిని ఆపేది ఈ పొరల మధ్య నిలిచే గాలే. నూలు బనియన్ చెమటకి తడిసి చల్లబడుతుంది, అది వద్దు.

అమ్మ చీరే కడతానంటే కట్టనివ్వండి. లంగా కింద థర్మల్ లెగ్గింగ్స్, రవిక కింద ఫుల్ హ్యాండ్ థర్మల్, కుచ్చిళ్లు బూటు మీదికి ఆనేలా కొంచెం ఎత్తుగా. నేలకి ఆనే చీర తడి మంచులో మోకాళ్ల దాకా తడుస్తుంది. అందుకని బయట ఎక్కువ తిరిగే రోజుల్లో చుడీదార్‌కి ఒప్పించగలిగితే మంచిదే.

ఇంకో సంగతి. మ్యూజియంలు, ప్యాలెస్‌లలో చాలా చోట్ల జాకెట్ విప్పి కోటు గదిలో ఇచ్చి వెళ్లాలి, లోపల వెచ్చగా ఉంటుంది. జాకెట్ కింద ఇంట్లో కట్టుకునే పాత స్వెట్టర్ వేసుకొచ్చిన మా అమ్మ, అది నలుగురికీ కనబడుతుందని తెలిశాక, హాలంతా శాలువా కప్పుకునే తిరిగింది. లోపలి పొర కూడా చూడ్డానికి బాగుండాలి.

బూట్లు ఇక్కడే కొనండి, ఉన్ని సాక్సు తొడిగి సైజు చూడండి, నెల ముందు నుంచీ సాయంత్రం నడకకి అవే వేయించండి. కొత్త బూట్లతో విమానమెక్కితే రెండో రోజుకి మడమ మీద బొబ్బ ఖాయం.

ఇక పరీక్ష. అన్నీ తొడిగించి, గ్లవ్స్ కూడా పెట్టి, ఏసీ గదిలో ఇవి చేయించండి: జిప్పు తనే వేసుకోగలుగుతుందా, వంగి బూటు లేసు కట్టుకోగలుగుతుందా, బాత్‌రూమ్‌కి వెళ్లి టైమ్‌కి విప్పుకుని మళ్లీ తొడుక్కుని రాగలుగుతుందా. మూడోది అడగడానికి మొహమాటపడకండి. లేసు కట్టుకోలేకపోతే జిప్పు ఉన్న బూటు కొనండి.

5. విమానం

వచ్చేదీ వెళ్లేదీ ఒకే ఊరు నుంచి కాకుండా, ప్రాగ్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి ఎక్కేలా బుక్ చేయండి, వెనక్కి వెళ్లే ఒక రైలు ప్రయాణం తగ్గుతుంది. వీల్‌చైర్ అసిస్టెన్స్ టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి, దానికి డబ్బు తీసుకోరు. "నేను నడవలేనా ఏంటి" అని పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో గేటు మారడానికి ఎంత దూరం నడవాలో, ఇమ్మిగ్రేషన్ క్యూలో ఎంతసేపు నిలబడాలో చెప్పి ఒప్పించండి.

6. హోటల్ ఎంచుకోవడం

ధర, బ్రేక్‌ఫాస్ట్ తర్వాత చూద్దురు గాని, ముందు లిఫ్ట్ ఉందా అని చూడండి. వియన్నా పాత భవనాల్లో గ్రౌండ్ ఫ్లోర్‌కీ మొదటి అంతస్తుకీ మధ్య ఇంకో ఒకటీ అరా అంతస్తులు ఉంటాయి, వాళ్లు "మొదటి అంతస్తే" అన్నది మనకి రెండో మూడో అవుతుంది. లిఫ్ట్ దాకా వెళ్లడానికి ఎన్ని మెట్లున్నాయని కూడా మెసేజ్ పెట్టి అడగండి.

రెండోది, బాత్‌టబ్ కాకుండా నేల మీద షవర్ ఉన్న గది. ఎత్తైన టబ్ అంచు దాటి తడి కాలు పెట్టడమే మొత్తం ట్రిప్‌లో పడిపోయే ప్రమాదం ఎక్కువున్న క్షణం. మూడోది, ట్రామ్ స్టాప్ నుంచి నడక ఐదు నిమిషాల లోపు. ఊరి నడిబొడ్డున గది దొరికితే కాస్త ఎక్కువైనా తీసుకోండి, మధ్యాహ్నం వచ్చి ఓ గంట నడుం వాల్చే వీలుంటుంది. నా లెక్కలో ఇది అన్నిటికంటే విలువైన ఖర్చు.

గదిలో హీటర్ గాలి పొడిగా ఉంటుంది, పెదాలు, మడమలు పగులుతాయి. వాసెలిన్ అందుకే. కొబ్బరినూనె గడ్డకట్టుకుపోతుంది, మా అమ్మ రోజూ పొద్దున్నే సీసాని రేడియేటర్ మీద పెట్టి కరిగించుకునేది. గదిలో నిద్రపోయే ముందు తడి తువ్వాలు ఆరేస్తే గొంతు అంత ఎండిపోదు.

7. రోజు ఎలా గడపాలి

ఈ మూడు ఊళ్లలోనూ డిసెంబర్‌లో ఏడు దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగింటికి చీకటి. మీ చేతిలో ఉన్న పగలు అంతే. ఇలా చేయండి: పదిన్నరకి బయల్దేరి బయటి ప్రదేశం ఒక్కటి. ఒంటిగంటకి వెచ్చటి చోట భోజనం. గదిలో విశ్రాంతి. నాలుగింటికి లైట్లు వెలిగాక మార్కెట్ గంటసేపు. ఏడింటికల్లా గదికి. బయట ఏకబిగిన 40 నిమిషాలు దాటకుండా లోపలికి వెళ్లడానికి ఏదో ఒకటి ఉండాలి: చర్చి, కేఫ్, మ్యూజియం, ఏదీ లేకపోతే ట్రామ్.

ట్రామ్‌ని ప్రయాణ సాధనంగానే చూడకండి. పెద్దవాళ్లకి ఊరు చూపించడానికి అంతకంటే మంచిది లేదు: వెచ్చగా, కూర్చుని, కిటికీ పక్కన. బుడాపెస్ట్‌లో 2వ నంబర్ ట్రామ్ డాన్యూబ్ నది ఒడ్డునే పార్లమెంటు పక్కగా వెళ్తుంది, చీకటి పడ్డాక ఎక్కండి. వియన్నాలో 1, 2 నంబర్లు రింగ్ రోడ్డు మీద పెద్ద భవనాలన్నీ చూపిస్తాయి. ప్రాగ్‌లో 22వ నంబర్ ఎక్కి కోట స్టాప్‌లో దిగితే దాదాపు చదునుగా నడిచి లోపలికి వెళ్లొచ్చు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ కింద నుంచి మెట్లెక్కించేవాళ్లు ఎంతమందో.

ఎత్తు మీది నుంచి చూడాలంటే లిఫ్ట్ ఉన్నవి ఎంచుకోండి. ప్రాగ్ ఓల్డ్ టౌన్ హాల్ గోపురానికి లిఫ్ట్ ఉంది. వియన్నా స్టీఫెన్స్ చర్చిలో దక్షిణ గోపురానికి 343 మెట్లు, ఉత్తర గోపురానికి లిఫ్ట్, టికెట్ కౌంటర్ దగ్గర సరిచూసుకోండి. బుడా కోటకి 16వ నంబర్ బస్సు పైదాకా తీసుకెళ్తుంది.

బుడాపెస్ట్‌లోని సెచేనీ వేడినీటి స్నానాల సంగతి అందరూ అడుగుతారు. బయట మంచు పడుతుండగా 38 డిగ్రీల నీళ్లలో కూర్చోవడం బాగుంటుంది, నిజమే. కానీ గుండె జబ్బు, బీపీ అదుపులో లేనివాళ్లు డాక్టర్ ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా పావుగంట చాలు, లేచేటప్పుడు మెల్లగా లేవాలి, రబ్బరు చెప్పులు లేకుండా ఆ తడి రాళ్ల మీద అడుగు వేయించకండి. ఈతబట్టలు వేసుకోవడం అమ్మకి ఇబ్బందైతే బలవంతపెట్టొద్దు, ఆ పూట కేఫ్‌లో కూర్చోబెట్టి కేక్ తినిపించండి.

8. మంచు మీద నడక

చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, చేతులు జేబుల్లోంచి బయట ఉండాలి. ప్రాగ్ చార్లెస్ బ్రిడ్జి, పాత వీధుల రాళ్లు మంచు లేకపోయినా తడికే జారతాయి. బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు దొరుకుతాయి, తేలిక, ఒక జత బ్యాగులో పడేయండి. కానీ మెట్రో, షాపుల్లోకి వెళ్లేటప్పుడు తీసేయాలి, నున్నటి టైల్స్ మీద అవే జారతాయి. పడిపోతుంటే చెయ్యి పట్టుకుని లాగొద్దు, ముందు నుంచీ మోచేతి కింద చెయ్యి వేసి నడిపించండి. వియన్నాలో గోడకి ఆనించిన కర్రలు ఫుట్‌పాత్ మీదికి కనిపిస్తే పైకప్పు మీది మంచు జారిపడొచ్చని హెచ్చరిక, ఆ గోడ పక్కన నడవకండి.

9. తిండి, నీళ్లు, బాత్‌రూమ్

పచ్చళ్లు, కందిపొడి, కారప్పొడి, ఇన్‌స్టంట్ ఉప్మా తీసుకెళ్లండి. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి, గోంగూర మటన్ వద్దు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

శాకాహారులకి అక్కడ దొరికేవి: బుడాపెస్ట్‌లో లాంగోష్ (పెద్ద పూరీ మీద పుల్లటి క్రీమ్, చీజ్ వేసినట్టుంటుంది), ప్రాగ్‌లో వేయించిన చీజ్, వియన్నాలో బంగాళదుంప అట్లు, కాల్చిన చెస్ట్‌నట్‌లు, యాపిల్ స్ట్రూడెల్. కూరగాయల సూప్ అని రాసున్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడిగి తాగండి. గుడ్డు తినని వాళ్లయితే కేకులూ అట్లూ కూడా అడగాలి. మార్కెట్లలో వేడివేడి పంచ్ అంటే మద్యం ఉన్నదే, పిల్లల పంచ్ అని విడిగా అడగండి. కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిచ్చేస్తే వెనక్కిస్తారు.

బయట బాత్‌రూమ్ దొరకదేమోనని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. చలిలో దాహం కూడా తెలియదు. కళ్లు తిరగడం, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అక్కడే మొదలవుతాయి. ఫ్లాస్క్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి గంటకోసారి మీరే చేతికివ్వండి, ఎక్కడికెళ్లినా బాత్‌రూమ్ ఎక్కడుందో మీరే ముందు చూసి చెప్పండి. పబ్లిక్ టాయిలెట్లకి చిల్లర కావాలి: ఆస్ట్రియాలో యూరో నాణేలు, చెక్‌లో కొరునాలు, హంగరీలో ఫోరింట్లు. కుళాయి నీళ్లు మూడు ఊళ్లలోనూ తాగొచ్చు.

10. టికెట్లు, డబ్బు

ప్రాగ్ నుంచి వియన్నాకి రైలు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి రెండున్నర పైచిలుకు. టికెట్‌తో పాటు సీటు రిజర్వేషన్ విడిగా తీసుకోవాలి, లేకపోతే నిలబడాల్సి రావచ్చు. ఊళ్లో కాగితం టికెట్ కొంటే సరిపోదు, మెషిన్‌లో పంచ్ చేయాలి, లేదంటే జరిమానా. ప్రాగ్‌లో 65 దాటినవాళ్లకి ఉచితం, పాస్‌పోర్ట్ వెంట ఉంచండి. బుడాపెస్ట్‌లో ఆ వయసు రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకే, మనకి వర్తించదు. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీలోనే తీసుకోండి.

అమ్మ జాకెట్ జేబులో ఒక కాగితం పెట్టండి: హోటల్ పేరు, అడ్రస్, మీ నంబర్, వాడే మందులు. ఫోన్ బ్యాటరీ చలికి ఉన్నట్టుండి పడిపోతుంది, కాగితం పడిపోదు. అత్యవసరానికి మూడు దేశాల్లోనూ 112.

సరిగ్గా సాగుతోందా అని చూసుకోవడం

"అలసిపోయావా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. "నాకు కాళ్లు లాగుతున్నాయి, కూర్చుందామా" అనండి, వెంటనే కూర్చుంటే ఎప్పట్నుంచో అలసిపోయి ఉందని అర్థం. మెడ వెనక మఫ్లర్ లోపలికి చెయ్యి పెట్టి చూడండి: వెచ్చగా పొడిగా ఉంటే సరే, చెమటగా ఉంటే ఒక పొర తీయాలి, చల్లగా ఉంటే లోపలికి వెళ్లాలి. మాట తడబడటం, వణుకు ఆగకపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే తక్షణం వెచ్చటి చోటికి తీసుకెళ్లి 112కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం "గ్యాస్ అయ్యుంటుంది" అని వదిలేయొద్దు.

రోజూ రాత్రి పాదాలు చూడండి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లవి. బొబ్బ, ఎర్రటి మచ్చ కనిపిస్తే మర్నాడు నడక రద్దు, ట్రామ్ రోజు. బీపీ మిషన్ ఉంటే ఉదయం ఒకసారి చూసి రాసుకోండి, ఇంట్లో ఉన్నప్పటి లెక్కతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మూడో రోజు ఉదయం అమ్మ తనంతట తానే "ఇవాళ ఎక్కడికి?" అని అడిగితే మీ వేగం సరిపోయినట్టే. అడగకపోతే ఆ రోజు లిస్టులోంచి ఒకటి కొట్టేయండి, కొట్టేసిన సంగతి ఆవిడకి చెప్పకండి, "నా వల్లే మీకు తిరగడం కుదరట్లేదు" అని మొదలుపెడుతుంది.